ఇబ్రహీంపట్నం సెలెక్షన్లు

"మూడు గోల్స్ కొట్టిన గద సార్, టీంల ఉన్ననా?" చెమట తుడుచుకుంటూ అడిగింది మనోజ.

"తొందరేంది? ఊరి పిల్లలకు అన్యాయం గావద్దనే యూనివర్సిటీ హాకీ సెలెక్షన్లు మీ ఇబ్రహీంపట్నంల పెట్టినం. ఆలోచించి చెప్తం," అన్నాడు సెలెక్టర్ రమాకాంత్, పెద్ద ధర్మప్రభువులా. "గట్టి పిల్లవు, జర ఆ జెర్సీల సంచి కార్లకెల్లి దించు."

మంచాల ఊరి నుంచి మొదటి బస్సుకే వచ్చిన మనోజ సంచి దించింది. జిప్పు ఊడి ఓ జెర్సీ జారింది. వీపు మీద 'సహస్ర' అని పేరు అచ్చేసి ఉంది. ఇంకోటి తీసింది. అన్నీ సిటీ కాలేజీ పిల్లల పేర్లే.

సారు కుర్చీలో గడ్డం గోక్కుంటూ ఇంకా ఆలోచిస్తున్నాడు.

మనోజ జెర్సీ ఎత్తిపట్టి గ్రౌండంతా వినపడేలా పిలిచింది.

"సహస్రక్కా, రా! నువ్వు మొన్ననే సెలెక్టయినవ్. పాపం, సారుకే ఇంక తెల్వది!"