నల్లచెవి పొట్టేలు

వీడియో కాల్‌లో పొట్టేలును చూసి ఇబ్రా కళ్లు చిట్లించాడు. ఒళ్లంతా తెలుపు, ఒక్క చెవి మాత్రం నలుపు.

“ఎలా ఉందిరా మన తబాస్కీ పొట్టేలు?” సెనెగల్ నుంచి అమ్మ మురిసిపోయింది. తబాస్కీ అంటే అక్కడి బక్రీదు.

“ఇది మాలిక్ వాళ్లది కదమ్మా! పొద్దున వాళ్లమ్మ చూపించింది.”

ఇటలీలో పనిచేసుకుంటున్న ఇబ్రా, మాలిక్‌లది ఒకటే గది. మంచం మీంచి మాలిక్ లేచి కూర్చున్నాడు. “దొరికిపోయారు! పండక్కి మనం పంపిన డబ్బంతా ఏం చేశారో అడగరా.”

“మాకే టోపీ పెడతారా అమ్మా? రెండిళ్లకీ ఒకటే పొట్టేలా?”

అమ్మ తడుముకోలేదు. “నువ్వేసుకున్న ఆ నీలం కోటు ఎవరిదిరా?”

“నాదే! మొన్ననే కొన్నా.”

“పొద్దున మాలిక్ ఒంటి మీద చూశాలే, నేనూ వాళ్లింట్లోనే ఉన్నా. జేబు మీద కాఫీ మరక కూడా అదే.”

ఇబ్రా చెయ్యి గబుక్కున జేబు మీదికి పోయింది. మాలిక్ దుప్పటి ముసుగేసుకున్నాడు.

“మీరిద్దరూ ఒక్క కోటుతో నెట్టుకొస్తుంటే మాకు రెండు పొట్టేళ్లెందుకురా? రెండిళ్లవాళ్లం కలిసే తింటాం. మిగిలిన డబ్బు తిరిగి పంపిస్తున్నా, ఇంకో కోటు కొనుక్కోండి,” అంది అమ్మ. “రంగు మాత్రం మార్చండిరా. బడాయి కొట్టినా కాస్త నమ్మేలా ఉండాలి.”