చూసేవాళ్లు

నరసరావుపేట స్పోర్ట్స్ షాపులో మిస్బా సైకిల్ తొక్కడానికి మొదటిసారి ఒంటికి అతుక్కునే లైక్రా డ్రెస్సు ఎంచుకుంది. పక్కనే ఉన్న తండ్రి, సైకిల్ మెకానిక్ సుభానీ, "అది వద్దు" అన్నాడు.

"ఒళ్లంతా కప్పేదేగా నాన్నా! నలుపులో స్టైల్‌గా ఉంది."

"వద్దన్నానా!"

ఆమె మొండిగా నల్ల బూట్లు కూడా అందుకుంది. "ఎవరేమనుకున్నా సరే, తెల్లారుజామున వినుకొండ రోడ్డు మీద ఇయ్యేసుకునే తొక్కుతా. నలుగురూ చూస్తారనేగా నీ బాధ?"

సుభానీ వాటిని లాక్కుని, చిలకపచ్చ డ్రెస్సు, మెరిసే పట్టీలున్న ఎర్ర బూట్లు ఆమె చేతిలో పెట్టాడు.

"చూడరనే తల్లీ నా బాధ. నా కొట్టుకి నుజ్జయి వచ్చే సైకిళ్లన్నీ, గుద్దినోడు 'కనపడలేదు' అన్నవే. నిన్ను మాత్రం ఊరంతా చూడాల!"