మోకాలి మరక

అక్కా, నావి కోడిగీతలు, తప్పులూ ఎక్కువే. ఓపిగ్గా చదువు.

మీ మరిదిగారి షెడ్డుకి మొదటిసారి ఒక స్పోర్ట్స్ కారు వచ్చింది. కాస్త దూరం నడిపితే చాలు, ఇంజను కాగిపోతోంది. చల్లబరచడానికి పోసే ఆకుపచ్చ కూలెంట్ పోసింది పోసినట్టే మాయం. బండి కింద చుక్క లేదు. రేడియేటర్ మార్చారు, పైపులు మార్చారు. మూడు రోజులుగా కంచం ముందు కూర్చున్నా ఆయనకి చిరాకే. ఈ సాయంత్రానికి కాకపోతే వేరే షెడ్డుకి తీసుకుపోతానన్నాడట ఓనరు.

రోజూ ఆయన ప్యాంటు ఎడమ మోకాలికి మాత్రమే ఆకుపచ్చ మరక. బండి లోపల మోకాలు ఆనించే చోట తడి ఉందేమోనని మొన్న నోరు తెరిచాను.

"ఇంజను సంగతి నువ్వు చెప్పొచ్చావా? నీ బట్టల సంగతి చూసుకో తల్లీ!" అన్నారు.

ఈ ఉదయం ప్యాంటు తొడుక్కుంటూ నా మీద ఎగిరారు. "మోకాలి దగ్గర మరక అలాగే ఉంది! ఉతకడమూ రాదా నీకు?"

అంటూనే మరకను గోటితో గీకి వాసన చూశారు. చెప్పులైనా వేసుకోకుండా షెడ్డుకి పరిగెత్తారు. బండిలో కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ ఎత్తితే, హీటరు పైపు నుంచి కారిన కూలెంట్ మడుగు కట్టి ఉందట.

సాయంత్రానికి బండి వెళ్లిపోయింది. "నీకు ఉతకడం రాకపోవడమూ ఒకందుకు మంచిదే" అని నవ్వారు.

ఆ మరక చుట్టూ మిగతా ప్యాంటంతా ఎంత శుభ్రంగా ఉతికానో ఆయన ఇంకా చూసుకోలేదు. నువ్వు చదవగానే ఈ కార్డు పొయ్యిలో పడెయ్యి.