నొప్పి పట్టీలు

ఎముకల క్యాన్సర్‌తో మారయ్య పొద్దున చనిపోయాడు. నొప్పి తగ్గడానికి చర్మానికి అంటించే పట్టీల్లో మత్తుమందు ఉంటుంది కాబట్టి, వాటిని ఒంటి మీద నుంచి తీసేయడానికి నర్సునైన నేను కేతేపల్లి వెళ్లాను.

"మూడు దినాలకోసారి పట్టీలు నేనే మార్చిన మేడం. అయినా బాపు మొత్తుకుంటనే పోయిండు," అని కొడుకు సతీశ్ ఏడ్చాడు.

"గిసొంటి కొడుకు ఎవలికుంటడు!" అన్నది పక్కింటామె.

ఆ మొత్తుకోలు నేనూ విన్నాను. ఒక్క పట్టీ చాలడం లేదని డాక్టరుతో చెప్పి రెండు చేయించింది నేనే.

స్నానానికి ముందు శవం ఛాతీ మీది పట్టీలు పీకాను. వేలు తెగితే చుట్టుకునే మామూలు ప్లాస్టర్లు అవి.



సతీశ్ నీళ్ల బిందె ఎత్తాడు. అంగీ చెయ్యి పైకి జరిగింది. అసలు పట్టీలు వాడి భుజం మీద ఉన్నాయి.

రెండూ.