గాలి తగలని పొర

ప్రయోగశాలలో ద్రావకపు వాసన గుప్పుమంటోంది.

సూది మొనకు విద్యుత్తు తగలగానే అందులోని ద్రావణం వెంట్రుకకన్నా ఎంతో సన్నని పోగులుగా సాగి, గాజుపలక మీద పొరగా పరుచుకుంటోంది. కరెంటు పోయినా తనలో దాచిన సమాచారాన్ని మరచిపోని పొర అది.

గాలి ఆడితే పోగు చెదురుతుందని, ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్‌ను ఆచార్యులవారు ఆపించారు.

సూది ముందు కూర్చున్న పరిశోధకురాలు దగ్గింది.

"నీకూ మొదలైందా అమ్మా?"

గుమ్మంలో ఎవరో స్త్రీ. వయసు పోల్చుకోవడానికి వీలులేనంతగా చిక్కిపోయింది. మాటకొక దగ్గు, దగ్గుకొకసారి రుమాలులో కఫం.

పరిశోధకురాలు ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఎవరండీ మీరు? బయటివాళ్లు ఇక్కడికి రాకూడదు."

"పోతాలే. ముందు ఆ ఫ్యాన్ వెయ్యి."

"వేస్తే పొర పాడవుతుంది. సాయంత్రం సభలో చూపించాలి. సార్ నన్ను చంపేస్తారు."

"ఫ్యాన్ వెయ్యకపోయినా చంపుతున్నట్టే కదే, పిచ్చిదానా! పొర పోతే ఇంకోటి చేస్తావు. ఊపిరితిత్తులు ఎక్కణ్ణుంచి తెస్తావు?"

అంతలో ఆచార్యులవారు వచ్చారు. ఆమెను చూడగానే ముక్కు మూసుకున్నారు. పేరైనా అడగలేదు.

"మళ్లీ దాపురించిందా ఈ శని! ఏటా ఇదే గోల. వాచ్‌మన్! గెంటెయ్ బయటికి."

"నాకేం వద్దండీ. కనీసం ఈ పిల్లనైనా..."

మిగిలిన మాటను దగ్గు మింగేసింది. వాచ్‌మన్ రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాడు.

ఆమె చెయ్యి ఆనిన తలుపును పరిశోధకురాలు స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచింది. ఫ్యాన్ మాత్రం వేయలేదు.

సాయంత్రం సభ నిండిపోయింది. పొర అద్భుతంగా వచ్చిందన్నారు. ఆచార్యులవారి మెడలో పతకం పడింది. మైకు అందుకోగానే ఆయన గొంతు, కావలసినంత మేరకే, వణికింది.

"ఈ పొరను మొట్టమొదట రూపొందించినది నా శిష్యురాలు. బంగారు తల్లి! ఏదో విషజ్వరం వచ్చి చిన్నవయసులోనే కన్నుమూసింది. ఆ పనిని నా పేరుతో ముందుకు నడిపించే భారం నా నెత్తిన పడింది. ఆమె ఆత్మశాంతికోసం ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం."

అందరూ లేచి నిలబడ్డారు. ముందు వరుసలో ఎవరో కళ్లు కూడా ఒత్తుకున్నారు.

ఆ మౌనంలో పరిశోధకురాలికి దగ్గు తెర వచ్చింది. ఆపుకోలేక, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తల ఎత్తింది.

తెరమీద నల్ల అంచుల చట్రంలో నిండు చెంపలతో నవ్వుతున్న ఆ స్వర్గీయురాలు, పొద్దున ఫ్యాన్ వెయ్యమని తనను బతిమాలిన మనిషే.