వెనక గొంతు

"ముందు ఈ పాట పెట్టి వినిపించండి," అంటూ మా వీధి టైలర్ మాస్టారు ఫోన్ నా చేతికిచ్చారు. మా స్పీకర్ల షాపుకి ఆయన రావడం అదే మొదలు. పోయిన చెల్లెలు చిన్నప్పుడు పాడిన పాటట. పాత క్యాసెట్ నుంచి ఎక్కించుకున్నారు.

"రెండో చరణంలో ఠక్కున ఆపేస్తుంది. మరిచిపోయింది, ఉత్త మాలోకం అది! ఆ తర్వాత జన్మలో మళ్ళీ పాడితే ఒట్టు," అని నవ్వారు.

మూడు జతల స్పీకర్లలో వినిపించాను. మూడింటికీ పెదవి విరిచారు. చివరికి షాపులోకెల్లా ఖరీదైన జత పెట్టాను. ఆ పిల్ల ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. రెండో చరణం ఎత్తుకుంది. వెనకెక్కడో, పక్కగదిలోంచి, ఎవరో కుర్రాడు కసిరాడు.

"ఆపవే! చెవులు చిల్లులు పడుతున్నాయి!"

పాట ఆగిపోయింది.

"స్పీకర్ల తప్పు కాదండీ, రికార్డింగులోనే ఉంది," అన్నాను, బేరం చెడుతుందేమోనని. "ఇంతకీ ఎవరండీ ఆ వెధవ?"

మాస్టారు మెడలో వేలాడుతున్న కొలతల టేపుని వేలికి చుట్టుకున్నారు. "ఇవే ప్యాక్ చేయండి," అన్నారు.

వారం తిరక్కుండానే ఫోన్ చేశారు.

"ఏమైనా తేడా చేసిందా మాస్టారూ?"

"స్పీకర్లు బంగారమండీ." పక్కగదిలో ఎవరో వింటున్నట్టు గొంతు తగ్గించారు. "కానీ ఇప్పుడది... నేను అరవకముందే పాట ఆపేస్తోంది."