వృథా చేసిన తూటా

పానా జారింది. ఆర్డిస్ వేళ్ళ కణుపులు చీరుకుపోయాయి.

"నీ జిమ్మడ! ఇవాళే మొండికెయ్యాలా?" అంటూ వంటింటి బల్ల మీది రైఫిల్‌ని తిట్టిపోసింది.

ఆమె తొందర ఆమెది. కొయోటీ తోడేళ్ళు రుచి మరిగి, పొద్దు వాలితే చాలు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి. అప్పుడే మంద సగమైంది. మిగతా సగమూ పోతే ఈ మోంటానా కొండల్లో ఆమెకీ, కూతురు టెస్‌కీ బతుకుతెరువు లేదు. సరిగ్గా ఇప్పుడే రైఫిల్‌లో గొట్టాన్ని పట్టి ఉంచే పైభాగం పగిలింది. కొత్తది తెప్పించింది. పాతదాని గొట్టం ఊడదీసి దానికి బిగించాలి. అదే ఊడి చావటం లేదు.

తలుపు చప్పుడైంది. గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని ఎవరో మనిషి.

"అమ్మా, మీతో ఒక మాట చెప్పుకోవాలని వచ్చాను."

"దేవుడి సంగతైతే ఇంకో రోజు రా బాబూ. నాకిప్పుడు ఊపిరాడటం లేదు."

అతని చూపు బల్ల మీద పడింది. ముఖం పాలిపోయింది.

"ఇది... మీరే బిగిస్తున్నారా?"

"మా ఆయనుంటే ఆయనే బిగించేవాడు. వేటకని వెళ్ళి శవపెట్టెలో తిరిగొచ్చాడు. ఊరికే నిలబడకపోతే ఆ కొస పట్టుకో!"

పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి బలమంతా పెడితే నట్టు కదిలింది. గొట్టం కొత్తదాంట్లోకి దిగి బిగుసుకుంది. ఆర్డిస్ గురి చూసే పాత దుర్భిణినే దాని మీద తగిలించి, తూటాలు నింపి లేచింది.

"గురి సరిచూడకుండా తీసుకెళ్ళకండమ్మా."

"అదే గొట్టం, అదే దుర్భిణి. గురెక్కడికి పోతుంది? ఉన్నవే గుప్పెడు తూటాలు, ఊళ్ళో దొరకటం లేదు. మట్టి మీద తగలెయ్యనా?"

"విప్పి బిగిస్తే పాత గురి ఉండదు. ఒక్కటి పేల్చి చూడండి."

అంతలో గొర్రెలు ఒక్కసారిగా అరిచాయి.

ఆర్డిస్ వాకిట్లోకి దూకింది. దొడ్డి అవతల కొయోటీ. దానికి కాస్త ఎడంగా, కంచె దగ్గర టెస్ గొర్రెపిల్లల్ని లోపలికి తోలుతోంది.

రైఫిల్ ఎత్తింది. అతను పరుగున వచ్చి గొట్టాన్ని నేలకి వంచేశాడు.

"వదులు! నా పిల్లలు పోతున్నాయి!"

"చంపినా వదలను!"

ఆ పెనుగులాటలోనే కొయోటీ ఒక గొర్రెపిల్లని కరుచుకుని పోయింది. ఆర్డిస్ అతని చెంప పగలగొట్టింది.

"చల్లగా ఉందా నీకిప్పుడు? కళ్ళారా చూడు, గురెలా ఉందో!"

ఏడుస్తూనే ఇటు తిరిగి, మట్టిగట్టులో పాతిన గుంజ మీద పేల్చింది.

గుంజకి బారెడు ఎడమన దుమ్ము లేచింది.

ఆర్డిస్ కంచె వైపు చూసింది. కొయోటీ నిలబడిన చోటికి ఎడమన, బారెడు దూరంలో, ఇంకా టెస్ నిలబడే ఉంది.

అక్కడే మెట్టు మీద కూలబడింది.

అతను దుర్భిణి మర తిప్పుతూ, ఆమె చేత మళ్ళీ మళ్ళీ పేల్పించి, గుంజకి తగిలాకే వదిలాడు.

"ఏమనుకోకు బాబూ, కళ్ళు మూసుకుపోయి చెయ్యి చేసుకున్నాను. లోపలికి రా, కాఫీ తాగుదువు గాని. ఏదో చెప్పాలన్నావుగా?"

"ఇప్పుడు నా వల్ల కాదమ్మా," అన్నాడు. కళ్ళు తుడుచుకుని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అతని ట్రక్కు అటు కొండ దిగిపోయాక, దాన్ని గుర్తుపట్టిన మరిది రస్ రొప్పుతూ వచ్చాడు.

"వదినా! వాణ్ణి గడప ఎలా తొక్కనిచ్చావ్?"

"పేరైనా అడగలేదయ్యా. ఆ మహానుభావుడే లేకపోతే నా చేత్తో నేనే టెస్‌ని..." జరిగిందంతా చెప్పి వెక్కివెక్కి ఏడ్చింది.

రస్ ఆ ట్రక్కు పోయిన దారి వైపు చూశాడు.

"కొత్తగా బిగించిన రైఫిల్ గురి చూసుకోకుండా పట్టుకొచ్చి, దుప్పి మీద పేలిస్తే మా అన్నకి తగిలింది చూడు... జన్మలో వాడి మొహం చూడనన్నావే వదినా, వాడే ఇతను."